పుస్తకం ఒకటి, పిల్లలు ముప్పైమంది: బడి లైబ్రరీలో బొమ్మల పుస్తకం చదివి వినిపించడం ఎలా?

ప్రైమరీ స్కూల్ టీచర్లు ఎక్కడ కలిసినా అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. "టైమ్‌టేబుల్లో లైబ్రరీ పిరియడ్ ఉంది, బీరువాలో బొమ్మల పుస్తకాలున్నాయి, ఒకటో తరగతి పిల్లలకేమో ఇంకా చదవడం రాదు. వాళ్ళతో ఏం చేయించాలి?" "పుస్తకం ఒక్క కాపీయే ఉంది, ముప్పైమందికి ఎలా చూపించాలి?" ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "చేతికిస్తే చింపేయరూ?"

వీటన్నిటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి దాకా పిల్లలున్న ఏ బడికైనా ఇది పనికొస్తుంది. లైబ్రరీకి విడిగా గది లేకపోయినా, వరండాలో ఒక మూల ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మంచి బొమ్మల పుస్తకంలో కథ సగమే మాటల్లో ఉంటుంది, మిగతా సగం బొమ్మల్లో ఉంటుంది. మాటలు మీరు చదువుతారు, బొమ్మల్ని పిల్లలు చదువుతారు. కింద చెప్పేదంతా వాళ్ళకు ఆ వ్యవధి ఇవ్వడం గురించే.

కావలసినవి

- బొమ్మల పుస్తకం ఒకటి. ఆ రోజు పిల్లలకు అది ఎక్కకపోతే తీయడానికి ఇంకొకటి.
- చాపలు గానీ పట్టా గానీ. బెంచీల మీద వద్దు, వెనకవాళ్ళకు పుస్తకం కనపడదు.
- మీరు కూర్చోవడానికి పొట్టి స్టూలు.
- పుస్తకాలు తగిలించేలా గోడకు కట్టడానికి నైలాన్ తాడు, బట్టల క్లిప్పులు.
- ఒక నోట్‌బుక్.
- అరగంట. చదవడానికి పది, పన్నెండు నిమిషాలు చాలు. మిగతా టైము పిల్లలు పుస్తకాలు తిరగేయడానికి.

ఎలాంటి పుస్తకం తీసుకోవాలి

చాలామంది తొందరపడేది ఇక్కడే. బీరువాలో మొదట చేతికి తగిలింది తీస్తారు, అది నాలుగో తరగతి పిల్లల పుస్తకం అవుతుంది. తర్వాత "మా పిల్లలు కథలు వినరండీ" అంటారు.

గుంపుకు చదివే పుస్తకానికి మూడు గుర్తులు చూడండి. బొమ్మ పేజీని బాగా ఆక్రమించి, ఐదారు అడుగుల దూరం నుంచి కనపడాలి. పేజీకి రెండు మూడు వాక్యాలకు మించకూడదు. మాట చెప్పని సంగతి బొమ్మలో ఏదో ఒకటి ఉండాలి. ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మాటల్లో "పిల్లి పాలు తాగింది" అని, బొమ్మలోనూ పిల్లి పాలు తాగుతూ మాత్రమే ఉంటే, పిల్లలు వెతుక్కోవడానికి అందులో ఏమీ ఉండదు.

పుస్తకాలు లేవంటారా? సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలిక, ప్రథమ్ బుక్స్ తెలుగులో చిన్నపిల్లల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోవచ్చు. అక్కడి కథలను నాలుగు స్థాయిలుగా విడదీశారు. మొదటి స్థాయి కథల్లో 250 మాటల లోపే ఉంటాయి. ఒకటో తరగతికి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా రూ.5,000 వరకు లైబ్రరీ గ్రాంటు ఇచ్చే ఏర్పాటు ఉంది. పుస్తకాలు కొనే సందర్భం వస్తే మీ హెచ్‌ఎం గారితో ముందే మాట్లాడి, జాబితా మీరే రాసివ్వండి. లేకపోతే ఆ డబ్బు జనరల్ నాలెడ్జ్ సెట్లకూ వ్యాసాల పుస్తకాలకూ పోతుంది, చిన్నపిల్లలకు ఒక్క పుస్తకమూ మిగలదు.

ఇక చేయవలసినవి

1. ముందురోజు మీరు రెండుసార్లు చదవండి.
మొదటిసారి మాటలు, పైకే చదవండి. ఎక్కడ నాలుక తడబడుతుందో తెలుస్తుంది. రెండోసారి మాటలు వదిలేసి బొమ్మలు మాత్రమే చూడండి. పిల్లలు ఎక్కడ ఆగి చూస్తారో రెండు మూడు చోట్లు గుర్తుపెట్టుకుని, అక్కడ చిన్న కాగితం ముక్క పెట్టుకోండి. అంతకన్నా ఎక్కువసార్లు ఆగితే కథ తెగిపోతుంది.

2. వెలుతురు చూసి కూర్చోబెట్టండి.
మీ వీపు కిటికీ వైపు ఉంటే పిల్లలకు మీరూ పుస్తకమూ నల్లగా కనిపిస్తారు. వెలుతురు పుస్తకం మీద పడేలా, పిల్లల వెనక నుంచో పక్క నుంచో వచ్చేలా మీ చోటు మార్చుకోండి. పిల్లల్ని అర్ధచంద్రాకారంలో, పొట్టివాళ్ళు ముందు వచ్చేలా కూర్చోబెట్టండి. కూర్చున్నాక మీరే ఒకసారి ఆ చివరా ఈ చివరా కూర్చుని చూడండి. "టీచర్, నాకు కనపడట్లేదు" అన్న గొడవ సగం ఇక్కడే తీరిపోతుంది.

ఎ4 కాగితమంత పుస్తకాన్ని ఒకేసారి పదిహేను, ఇరవైమంది సుఖంగా చూడగలరు. అంతకు మించితే రెండు గుంపులు చేయండి. ఒక గుంపు కథ వింటుంటే రెండో గుంపు తాడు మీది పుస్తకాలు తిరగేస్తుంది, తర్వాత మార్చండి. ఏకోపాధ్యాయ పాఠశాలైతే నాలుగు, ఐదు తరగతుల పిల్లల్లో ఒకరికి ఈ పద్ధతి నేర్పి రెండో గుంపును అప్పజెప్పండి. ఆ పిల్లలు దీన్ని చాలా శ్రద్ధగా చేస్తారు.

ప్రొజెక్టరో స్మార్ట్ టీవీయో ఉంటే పెద్దగా చూపించవచ్చు. కానీ వారానికి ఒక్కసారైనా కాగితం పుస్తకమే పట్టుకోండి. పేజీ తిప్పడం, అట్ట చూడటం, పుస్తకం ముందూ వెనకా తెలియడం తెర మీద రావు.

3. పుస్తకం పట్టుకునే తీరు.
ఎడమ చేతి బొటనవేలు కింద నడిమి మడత దగ్గర, మిగతా వేళ్ళు వెనక ఉండాలి. పుస్తకం మీ భుజానికి పక్కగా, పిల్లల కళ్ళ ఎత్తులో ఉండాలి. పేజీని కుడిచేత్తో పై మూల నుంచి తిప్పండి. కింద నుంచి తిప్పితే మీ చెయ్యి బొమ్మకు అడ్డం వస్తుంది. నున్నటి కాగితం మీద ట్యూబ్‌లైట్ మెరుస్తుంటే పుస్తకాన్ని కాస్త ముందుకు వంచండి.

పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని చదివేసి, చివర్లో బొమ్మ తిప్పి చూపించడం బాగా కనిపించే పొరపాటు. అప్పటికి కథ వెళ్ళిపోయింది. బొమ్మ కనపడుతూ ఉండగానే మాట వినపడాలి. పక్కనుంచి చదవడం మొదట్లో మెడకు ఇబ్బందిగా ఉంటుంది. ముందురోజు రెండుసార్లు చదివి ఉంటే సగం మాటలు గుర్తుంటాయి కాబట్టి త్వరలోనే అలవాటవుతుంది.

4. అట్ట దగ్గర ఆగండి.
పేరు చదవకముందే ముందు అట్ట చూపించి ఊరుకోండి. "ఏం కనపడుతోంది?" అంటే చాలు. తర్వాత పేరు, రాసినవాళ్ళ పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు చదవండి. పుస్తకాలు మనుషులు తయారుచేస్తారని పిల్లలకు తెలిసేది ఇలాగే. కొన్నాళ్ళకు "ఈ బొమ్మలు ఆ పుస్తకంలో ఆయనే వేసినట్టున్నారు టీచర్" అనే పిల్లలు తయారవుతారు.

5. మామూలు గొంతుతో, నిదానంగా చదవండి.
నాటకంలా అరవనక్కర్లేదు. పులి వచ్చినప్పుడు గొంతు కాస్త మారితే చాలు. ప్రతి పేజీలో మాటలు అయిపోయాక వెంటనే తిప్పకండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. ఈ పద్ధతి మొత్తంలో కష్టమైన పని ఇదే, ఫలితం ఎక్కువ ఇచ్చేదీ ఇదే.

మీ చేతిలో ఇలాంటి పేజీ ఒకటి ఉందనుకోండి. మాటల్లో "నానమ్మా నేనూ సంతకు వెళ్ళాం" అని ఒకే ఒక్క వాక్యం. బొమ్మలో నానమ్మ గాజులు బేరమాడుతోంది, పిల్ల పీచుమిఠాయి వైపు చూస్తోంది, వెనక ఒక మేక నానమ్మ సంచి అంచు నములుతోంది. మాట చదివి పేజీ తిప్పేస్తే ఆ మేక ఎవరికీ కనపడదు. తర్వాతి పేజీలో టమాటాలు దారి పొడుగునా ఎందుకు దొర్లుతున్నాయో అర్థం కాదు. ఐదు అంకెల సేపు ఆగితే మూడో వరసలో ఎవరో ఒకరు లేస్తారు: "మేక సంచి తింటోంది టీచర్!" అంతే, తలలన్నీ ముందుకు వంగుతాయి. అప్పుడు మీరు చెప్పాల్సిందేమీ లేదు. "అవును కదా" అని పేజీ తిప్పండి.

మేకను మీరే వేలుపెట్టి చూపిస్తే ఆ సంతోషం పోతుంది. ఎవరూ కనిపెట్టకపోయినా ఫర్వాలేదు, వదిలేయండి. రెండో రోజు చదివినప్పుడు దొరుకుతుంది.

6. తక్కువ అడగండి. అడిగేది పరీక్షలా ఉండకూడదు.
"ఇదేంటి? మేక. ఏ రంగు? తెలుపు. ఎన్ని కాళ్ళు?" ఇలా అడిగితే కథ అక్కడే ఆగిపోతుంది, పిల్లలు మీ మొహం చూసి జవాబు వెతుక్కోవడం మొదలుపెడతారు. ఇవి అడిగి చూడండి:

- ఇక్కడ ఏం జరుగుతోంది?
- నీకెలా తెలిసింది? బొమ్మలో ఎక్కడుంది?
- ఇప్పుడేమవుతుందంటారు?

పిల్లవాడు తప్పు చెప్పాడనిపించినా "కాదు" అనకండి. "అలా ఎందుకనుకున్నావు?" అనండి. చాలాసార్లు వాడు మనం చూడనిది చూసి ఉంటాడు. ఎప్పుడూ ముందే చెప్పేసే నలుగురు ఉంటారు. వాళ్ళను కసురుకోకుండా "ఆగు నాన్నా, ఇంకొకళ్ళు చూస్తున్నారు" అంటే సరిపోతుంది.

భాష విషయంలో ఒక జాగ్రత్త. పుస్తకంలో ఉల్లిపాయ అని ఉంటే పిల్ల ఉల్లిగడ్డ అనవచ్చు, బంగాళదుంపను ఆలుగడ్డ అనవచ్చు. దిద్దకండి, వాళ్ళ మాట మీరూ ఒకసారి అని ముందుకెళ్ళండి. కథ మధ్యలో దిద్దుబాటు తగిలిన పిల్ల మళ్ళీ నోరు విప్పడానికి చాలా రోజులు పడుతుంది. గోండి, కోయ, సవర, లంబాడీ ఇంటిభాషగా ఉన్న బడుల్లో మొదట బొమ్మల గురించి వాళ్ళ భాషలోనే మాట్లాడుకోనివ్వండి. మీకు ఆ భాష రాకపోతే పై తరగతి పిల్లనో అంగన్‌వాడీ ఆయానో పక్కన కూర్చోబెట్టుకోండి. తర్వాత తెలుగులో చదివితే కథ వాళ్ళకు అప్పటికే తెలిసి ఉంటుంది. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్న పుస్తకమైతే ఒక రోజు ఒక భాషే చదవండి. వాక్యానికొకసారి భాష మారుస్తుంటే రెండూ బుర్రకెక్కవు.

7. అయిపోయాక ఊరుకోండి.
ఇది రాసినంత తేలిక కాదు. కథ అవగానే "దీనివల్ల మనం ఏం నేర్చుకున్నాం?" అని అడగడం మనకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. దయచేసి ఆ ప్రశ్న వద్దు. నాలుగు రోజులు అడిగితే ఐదో రోజు నుంచి పిల్లలు కథ వినడం మానేసి నీతి కోసం ఎదురుచూస్తారు. వెనక అట్ట చూపించండి, పుస్తకం మూయండి, కాసేపు ఆగండి. ఎవరైనా ఏదైనా అంటే వినండి. ఎవరూ ఏమీ అనకపోతే అదీ మంచిదే.

కథ మీద రాతపని, ఖాళీలు పూరించడం కూడా ఈ పిరియడ్‌లో వద్దు. బొమ్మ వేస్తామంటే కాగితాలివ్వండి, కానీ తప్పనిసరి చేయకండి.

8. అదే పుస్తకం మళ్ళీ చదవండి.
వారానికో కొత్త పుస్తకం, అందులో దాన్నే రెండు మూడుసార్లు చదవడం మంచి లెక్క. మొదటిసారి "ఏమవుతుందో" అని చూస్తారు. రెండోసారి మూలల్లోని బొమ్మలు కనపడతాయి. మూడోసారికి మీతోపాటు మాటలు అంటుంటారు, అప్పుడు మీరు వాక్యం మధ్యలో ఆగండి, వాళ్ళు పూర్తిచేస్తారు. మాటల కింద వేలు నడిపించి చూపించడానికి అదే సరైన సమయం, మొదటి రోజు కాదు. "మళ్ళీ అదేనా?" అని పెద్దలకే విసుగు, పిల్లలకు ఉండదు.

9. పుస్తకాన్ని వాళ్ళ చేతికివ్వండి.
చదివిన పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఇంతసేపు చేసిందంతా వృథా. పిల్లల ఛాతీ ఎత్తులో గోడకు తాడు కట్టి, అట్టలు ముందుకు కనపడేలా క్లిప్పులతో పెట్టండి. రాక్‌లో వెన్ను మాత్రమే కనపడేలా సర్దిన పుస్తకాన్ని చదవడం రాని పిల్ల ఎలా ఎంచుకుంటుంది? లావు పుస్తకాలు తాడు మీద నిలవవు, వాటిని కిటికీ అరుగు మీద నిలబెట్టండి.

పుస్తకం ఎలా పట్టుకోవాలో పిల్లలకు చూపించండి, ఉపన్యాసం వద్దు. చేతులు కడుక్కోవడం, మూల పట్టుకుని తిప్పడం, మడవకుండా పెట్టడం, ఈ మూడు చాలు. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే లైబ్రరీ పిరియడ్ ఉంటే వీలైతే మార్పించండి. నెయ్యి వేళ్ళకూ పులుసు వేళ్ళకూ పుస్తకాలు తట్టుకోలేవు.

10. ఇంటికి పంపండి.
ఒక పిల్లకు ఒక పుస్తకం, శుక్రవారం ఇచ్చి సోమవారం తీసుకోవడం. సంతకం రాని పిల్లలకు ఇష్యూ రిజిస్టర్ బదులు ఇలా చేయండి: ఒక అట్ట మీద ప్రతి పిల్ల పేరూ రాసి, పక్కన చిన్న కవరు అంటించండి. ప్రతి పుస్తకానికీ దాని నంబరు వేసిన చీటీ ఉంటుంది. పుస్తకం తీసుకున్న పిల్ల ఆ చీటీని తన కవరులో పెడుతుంది, తెచ్చినప్పుడు తీస్తుంది. ఎవరి దగ్గర ఏముందో దూరం నుంచే తెలుస్తుంది. రిజిస్టర్‌లో మీరు తర్వాత రాసుకోవచ్చు.

ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరని ఆగకండి. "ఈ కథ మీ అమ్మకు చెప్పు, బొమ్మలు చూపించి చెప్పు" అని పంపండి. తల్లిదండ్రుల మీటింగ్‌లో ఒక పుస్తకం మీరే వాళ్ళకు చదివి వినిపిస్తే ఆ తర్వాత పుస్తకాలు భద్రంగా తిరిగొస్తాయి.

సరిగ్గా జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

పరీక్ష పెట్టకండి, గమనించండి. నెలకొకసారి ఐదారుగురు పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, బాగా విన్న పుస్తకం చేతికిచ్చి "ఈ కథ నాకు చెప్పవూ" అనండి. నోట్‌బుక్‌లో తేదీ వేసి ఇవి రాసుకోండి:

- పుస్తకాన్ని నిటారుగా, ముందు అట్ట పైకి వచ్చేలా పట్టుకుందా?
- పేజీలు వరసగా తిప్పిందా, రెండేసి దాటేసిందా?
- బొమ్మ చూసి చెబుతోందా, మీ మొహం చూసి చెబుతోందా?
- ఒక పేజీలోని సంగతికి తర్వాతి పేజీతో సంబంధం కలిపిందా?
- పుస్తకంలోని మాటలు ఏవైనా అచ్చంగా వాడిందా?

మీ మొహం చూసి చెప్పే పిల్లలు ఎక్కువగా ఉంటే మీరు ఎక్కువ ప్రశ్నలు వేస్తున్నారని అర్థం. పేజీలు దాటేస్తుంటే పుస్తకం ఎక్కువగా మీ చేతిలోనే ఉండిపోతోందని అర్థం. రెండూ సరిచేసుకోగలిగినవే. ఒక తరగతిలో వరసగా రెండు వారాలు ఎవరూ ఏ పుస్తకాన్నీ మళ్ళీ అడగకపోతే ఎంచుకునే పుస్తకాలే మార్చండి.

ఇంకో గుర్తు తాడు మీదే ఉంటుంది. మీరు చదివిన పుస్తకం అంచులు మాసి, మూలలు మెత్తబడి ఉండాలి. కొత్తగా మెరిసిపోతుంటే దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

చిరిగితే

చిరుగుతాయి. చిరిగిన పుస్తకాన్ని దాచిపెట్టే పిల్లలకన్నా తెచ్చి చూపించే పిల్లలు మనకు కావాలి, కాబట్టి తిట్టొద్దు. "వైద్యం డబ్బా" అని ఒక అట్టపెట్టె పెట్టి, చిరిగినవి అందులో వేయమనండి. శనివారం పెద్ద పిల్లలతో కలిసి బాగుచేయండి.

మామూలు సెల్లో టేపు కొన్నాళ్ళకు పసుపురంగుకు తిరిగి, ఊడి, జిగురు మరక మిగులుస్తుంది. దానికన్నా సన్నటి తెల్ల కాగితం ముక్కను ఉడకబెట్టిన మైదా జిగురుతో పల్చగా అంటించి, బరువు కింద ఒక రాత్రి ఆరబెట్టడం మేలు. బైండింగ్ చేసేవాళ్ళు పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలతుత్తం కలుపుతారు. అది విషం. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల పుస్తకాలకు అస్సలు వద్దు. దాని బదులు జిగురు ఎప్పటికప్పుడు కొంచెమే కాచుకోండి, పూర్తిగా ఆరాకే పుస్తకం లోపల పెట్టండి.

నడిమి పిన్నులు తుప్పు పట్టి ఊడితే కత్తెర మొనతో వాటిని తీసేసి, మడత మీద మూడు చిల్లులు పెట్టి నూలు దారంతో కుట్టండి. మధ్య చిల్లులోంచి సూదిని లోపలి నుంచి బయటికి తీయండి. పై చిల్లులోంచి లోపలికి, అక్కడి నుంచి కింది చిల్లులోంచి బయటికి, తిరిగి మధ్య చిల్లులోంచి లోపలికి తెచ్చి మొదటి కొసతో ముడి వేయండి. పిన్నుల కన్నా ఇది గట్టిది, పిల్లల వేళ్ళకు గుచ్చుకోదు.

పుస్తకం పోతే జరిమానా వేయొద్దు. ఒకసారి డబ్బు కట్టాల్సి వస్తే ఆ ఇంటికి ఇక పుస్తకం వెళ్ళదు. స్టాక్ రిజిస్టర్ గురించి టెన్షన్ పడే హెచ్‌ఎం గారితో ఏడాది మొదట్లోనే మాట్లాడి, వాడకంలో చిరిగినవీ పోయినవీ విడిగా ఒక పేజీలో రాసి, స్కూల్ కమిటీ మీటింగ్‌లో ఆమోదం తీసుకునే పద్ధతి పెట్టుకోండి.